గార్లదిన్నె, పామిడి, గుత్తి... ఎక్కండి ఎక్కండి

మా ఇంట్లో గడప పేరు గార్లదిన్నె. వంటింటి మూల పామిడి. వెనక రూములో పరుపులు, బొంతలు మడిచి పేర్చిన కుప్ప గుత్తి. వరండాలో నా కుట్టుమిషన్ ఉన్న చోటు అనంతపురం బస్టాండు. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరన్నా "కత్తెర యాడుంది" అని అడిగితే "పామిడి కాడ పెట్టినా చూడు" అంటాము, మాకు అలవాటైపోయింది, కొత్తగా వచ్చిన చుట్టాలు మాత్రం మా మొహాలు చూస్తారు.

ఈ పేర్లన్నీ మా చిన్నోడి కోసం పెట్టినవి. వాడు 2006లో పుట్టినాడు. మా ఆయన ఆర్టీసీలో కండక్టరు, నేను ఇంట్లోనే జాకెట్లు, ఫాల్సు, లంగాలు కుడతాను, పెద్దది ఆడపిల్ల, దాని తర్వాత నాలుగేండ్లకి వీడు. ఏడాదిన్నర దాకా అంతా బాగానే ఉన్నట్టుండె, "అత్త" "తాత" అని రెండు మూడు మాటలు కూడా వచ్చినాయి, తర్వాత ఆ వచ్చిన మాటలు కూడా యాడికి పోయినాయో పోయినాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. గంటలు గంటలు నా దారం రీళ్ళు వరసగా పేర్చుకుంటా కూర్చునేవాడు, ఎర్రవి ఒకపక్క పచ్చవి ఒకపక్క కాదు, వాడికేదో వేరే లెక్క ఉండేది, ఒక్క రీలు పక్కకి జరిగినా ఇల్లు ఎగిరిపోయేటట్టు ఏడ్చేవాడు. మా అత్తమ్మ "వాళ్ళ నాయన కూడా మూడేండ్లకి గానీ నోరిప్పలేదు లేమ్మా, నువ్వేం బెంగ పెట్టుకోవద్దు" అనేది. వస రాసి నాకించినాము. కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాము, వాడి తలనీలాలు రెండోసారి కూడా ఇచ్చినాము. పాపం ఆమె ఎవరేం చెప్తే అది చేసింది వాడి కోసం.

ఆటిజం అనే మాట మేము మొదటిసారి విన్నది 2009 జూన్‌లో, బెంగళూరులో ఒక పెద్ద డాక్టరు దగ్గర. ఆ నెల నాకు బాగా గుర్తు, ఎందుకంటే మేము తిరిగొచ్చిన రోజుల్లోనే ఫాదర్ ఫెర్రర్ చనిపోయినారు, అనంతపురం అంతా కదిలిపోయింది, పల్లెల నుంచి జనం లారీల్లో ట్రాక్టర్లలో వచ్చినారు. 1969లో మా కరువు జిల్లాకి వచ్చి ఆర్డీటీ అనే సేవాసంస్థ పెట్టి, వికలాంగ పిల్లలకి కూడా బళ్ళు పెట్టించిన మనిషి. నేను వీడిని ఒళ్ళో పెట్టుకుని టీవీలో ఆ జనాన్ని చూస్తా ఏడుస్తాంటే మా అత్తమ్మ ఆయన కోసమే ఏడుస్తాన్నానుకుంది. రెండిటి కోసమూ ఏడ్చినాను అనుకుంటా.

తర్వాత వీడిని ఊళ్ళోనే ఒక ప్రైవేటు స్కూల్లో నర్సరీలో వేసినాము. రెండు నెలలు. బెల్లు కొడితే చెవులు మూసుకుని గోడకి తల ఆనించేవాడు, ప్రేయర్‌లో మైకు పెడితే గేటు వైపు ఉరికేవాడు. ఒకరోజు పిలిచి, వీడి వల్ల మిగతా పిల్లలకి ఇబ్బందిగా ఉంది, ఫీజు వెనక్కి ఇస్తాము అన్నారు. ఫీజు ఇచ్చినారు కూడా. ఆ డబ్బు పర్సులో పెట్టుకుని వీడి చెయ్యి పట్టుకుని క్లాక్ టవర్ దాకా నడిచే వచ్చినాను, ఆటో ఎక్కాలని కూడా తోచలేదు. పిల్లోడిని హాస్టల్ ఉండే స్పెషల్ స్కూల్లో వెయ్యమని కొందరు చెప్పినారు, మంచి సలహానే, కానీ చెప్పుకోవడానికి మాటల్లేని పిల్లోడిని రాత్రిపూట ఇంకో చోట వదలడానికి నాకు ధైర్యం రాలేదు. అట్లా మా ఇల్లే వాడికి బడి అయింది.

మొదట్లో నాకేం తెలీదు. పలక తెచ్చి అ ఆ రాయించబోయినాను, పలక కొరికినాడు. రంగురంగుల మట్టి కొనిస్తే తిన్నాడు. చెక్క పజిళ్ళు కొన్నాము, మా ఆయన ఓవర్‌టైం డబ్బంతా వాటికే, వాటిని కూడా వరసగా పేర్చుకున్నాడు గానీ గుంతల్లో పెట్టలేదు. ఈ పేర్చడం మాన్పించకపోతే వాడు దాంట్లోనే ఉండిపోతాడని ఒకాయన గట్టిగా చెప్పినాడు, సరే అని రీళ్ళన్నీ డబ్బాలో వేసి అటక మీద పెట్టేసినాను. మూడు రోజులు వాడు అన్నం ముట్టలేదు. చెయ్యి కొరుక్కున్నాడు, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది కుడిచేతి బొటనవేలి కింద. మూడోరోజు మధ్యాహ్నం నేను వాడిని కొట్టినాను. వాడికి ఎందుకు కొట్టినానో కూడా తెలీదు. ఆ సంగతి ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలేదు, ఈరోజు రాస్తాన్నాను.

ఆ రాత్రి మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, ప్యాంటు జేబులో నుంచి చిల్లర, పెన్ను తీసి పెడతాంటే జనం కింద పడేసిపోయిన పాత టికెట్లు నాలుగైదు వాటితో పాటు కింద పడినాయి. చిన్నోడు వచ్చి వాటిని ఏరుకుని నాపరాళ్ళ మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చినాడు. నేను లేవబోయినాను తీసేద్దామని. మా ఆయన "ఉండుమ్మే" అని వాడి పక్కన బాసింపట్లు వేసి కూర్చున్నాడు. జేబు తడిమి ఇంకో టికెట్ తీసి, ఏం మాట్లాడకుండా, ఆ వరస చివర్లో పెట్టినాడు. అంచు సరిగ్గా కలిపి పెట్టినాడు, వాడు పెట్టినట్టే. చిన్నోడు ఆ టికెట్ చూసినాడు, పెట్టిన చెయ్యి చూసినాడు, మెల్లగా తలెత్తి వాళ్ళ నాయన మొహం చూసినాడు. ఎన్ని నెలలయిందో వాడు అట్లా మనిషి మొహంలోకి చూసి. తర్వాత వాడొక టికెట్ పెట్టి ఆగినాడు. ఈయన ఒకటి పెట్టినాడు. వాడొకటి, ఈయనొకటి. టికెట్లు అయిపోతే క్యాలెండర్ చించి ముక్కలు చేసి నేను అందిస్తాన్నాను, పదకొండు దాటే దాకా ఆడినారు, మా ఆయన ఆరోజు అన్నం కూడా తినలేదు.

పొద్దున్నే అటక మీద డబ్బా దించేసినాను.

అప్పటి నుంచి బస్సే మా బడి. ఆయన పాత యూనిఫాం ప్యాంటు కత్తిరించి వాడికి ఒక ఖాకీ సంచి కుట్టినాను, లోపల మూడు అరలు, చిల్లరకి ఒకటి, నోట్లకి ఒకటి, టికెట్లకి ఒకటి. రోజుకొక కాగితం చించే క్యాలెండర్ ఉంటుంది కదా, అంకె ఇంత లావుగా ఉంటుంది, వాటితోనే టికెట్లు. ఇంట్లో ఒక్కో మూలకి ఒక ఊరు. గుత్తి రూటే ఎందుకంటే అప్పట్లో మా ఆయన డ్యూటీ ఆ రూట్లోనే. పామిడి కాడ పెన్న ఉంటుంది కాబట్టి వంటింటి మూలలో ఒక బక్కెట్టు నీళ్ళు, ఒక చెంబు పెట్టినాను, వాడికి నీళ్ళంటే ప్రాణం, బస్సు పామిడి చేరగానే దిగి పది చెంబులు ముంచి పోసుకుంటేగానీ కదిలేవాడు కాదు, అట్లా పది దాకా లెక్క వచ్చింది. గుత్తిలో కోట ఉంటుంది కాబట్టి పరుపుల కుప్ప. ఆ కుప్పలో దూరి, పైన ఇంకో రెండు బొంతలు వేయించుకుని, నన్ను చేతులతో గట్టిగా అదమమనేవాడు. అట్లా బరువు పడితే కొందరు పిల్లలకి ఒళ్ళు నెమ్మదిస్తుందని తర్వాత థెరపిస్టు మేడం చెప్పింది, నాకప్పుడు తెలిసింది ఒక్కటే, గుత్తికి పోయొచ్చినాక వాడు అరగంట కుదురుగా కూర్చుంటాడని. చీరతో ఉయ్యాల కూడా కట్టినాము దూలానికి, అది రైలు.

మిషన్ మాత్రం ఇంజను. నాది కాళ్ళతో తొక్కే మిషన్. నేను తొక్కుతాంటే ఆ టకటక చప్పుడు ఉన్నంతసేపూ బస్సు పోతాన్నట్టు, కుర్చీల్లో మా పాప, మా అత్తమ్మ, పక్కింటి పిల్లలు ఉంటే వాళ్ళు ప్యాసింజర్లు. నేను తొక్కడం ఆపితే స్టాపు వచ్చినట్టు. ఆపి, ఏమీ అనకుండా వాడి వైపే చూస్తా కూర్చునేదాన్ని. చెప్పడానికి సులువే గానీ ఆ మాట్లాడకుండా ఉండడం ఎంత కష్టమో, మనకి నోరు ఊరుకోదు, "రైట్ అను నాయనా, అను, అను" అని మీద పడతాము. మనసులో పది లెక్కపెట్టుకునేదాన్ని. మొదట్లో వచ్చి నా మోకాలు తోసేవాడు తొక్కమని. కొన్ని వారాలకి "ఐ" అన్నాడు. ఇంకొన్నాళ్ళకి "రై". తర్వాత ఒకరోజు తలుపు కమ్మీ పట్టుకుని నిలబడి, అచ్చం వాళ్ళ నాయన లెక్కనే గోడ మీద రెండుసార్లు చరిచి "రైట్ రైట్" అన్నాడు. మా అత్తమ్మ ప్యాసింజర్ సీట్లో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది, శబ్దం చేస్తే వాడు బెదురుతాడని.

చదువు సంగతి చెప్పాలి. సాయంత్రం పూట వాడిని ఆర్టీసీ బస్టాండుకి తీసుకుపోయేదాన్ని, చెవులు మూసేటట్టు రెండు పొరల గుడ్డతో టోపీ కుట్టి పెట్టి. మొదట్లో గేటు బయట చెట్టు కింద ఐదు నిమిషాలు, అంతే, తర్వాత పది, తర్వాత లోపలికి. బస్సుల బోర్డులు చూసేవాడు. ఇంటికొచ్చి నేను అట్టముక్కల మీద అవే పేర్లు రాసి మిషన్‌కి ముందు తగిలించేదాన్ని, ఈ రోజు బస్సు యాడికో వాడే అట్ట ఎంచుకోవాలి. అక్షరాలు ఒక్కటీ రాని పిల్లోడు కదిరి అట్ట, గుత్తి అట్ట వేరు పట్టేవాడు. బొమ్మ గుర్తుపట్టినట్టు మొత్తం మాటని గుర్తుపట్టినాడన్నమాట. సరే, మాట నుంచే అక్షరానికి పోదాము అనుకున్నాను. అట్టలు కత్తిరించి గు ఒకపక్క త్తి ఒకపక్క చేసినాను. అప్పుడు వాడే నాకు చూపించినాడు ఒక సంగతి. నాలుగు అట్టలు వరసగా పేర్చి, కదిరి, పామిడి, గుత్తి, తాడిపత్రి, నాలుగిటికీ చివరి అక్షరం నెత్తిన వేలు పెట్టినాడు. అన్నిటికీ గుడి! పుట్టినప్పటి నుంచి ఈ ఊర్ల పేర్లు చదువుతాన్నాను, నాకు ఎప్పుడూ కంటికి ఆనలేదు. అదే రోజు వాడికి గుణింతంలో గుడి వచ్చేసింది, అ ఆ లు రాకముందే. గుత్తిలో గు దగ్గర కొమ్ము నేర్చుకున్నాడు, త్తి దగ్గర ఒత్తు. తర్వాత తలకట్టు కదిరిలో, దీర్ఘం పామిడిలో దొరికినాయి. ఇట్లా చెప్తే పిచ్చిగా ఉంటుంది గానీ మా చిన్నోడి పెద్దబాలశిక్ష మా అనంతపురం డిపో.

లెక్కలు టికెట్లతో. మా పాప ఐదు రూపాయల బిళ్ళ ఇచ్చి "గార్లదిన్నె ఒకటి" అంటే వాడు మూడు రూపాయల టికెట్ చించి రెండు రూపాయలు చిల్లర ఇవ్వాలి. చిల్లర ఇవ్వకుండా పోతే అది ఊరుకునేది కాదు, "ఏమప్పా కండక్టరూ, నా చిల్లర" అని నిజంగా గొడవ పడేది. ఆ పాపకి అప్పుడు ఎనిమిదేండ్లు, బడి నుంచి రాగానే బ్యాగు పడేసి ఆ కుర్చీలో కూర్చునేది. దాని ఆటలు అది ఎప్పుడు ఆడుకుందో నేను పట్టించుకోలేదు. ఒకసారి అడిగితే "అదే నా ఆట కదమ్మా" అనింది, కానీ నాకు ఆ బాకీ బాకీగానే ఉంది.

ఇట్లాంటి పిల్లల కోసం సర్కారు పెట్టిన భవిత కేంద్రం టీచరమ్మ వారానికొకసారి ఇంటికొచ్చేది. వచ్చిన మొదటి రోజు పుస్తకాలు తీయకుండా, చెప్పులు గార్లదిన్నె బయట విడిచి, ఒక కుర్చీలో కూర్చుని "పామిడికి ఒక టికెట్ ఇవ్వు నాయనా" అనింది, నాకు ఆమె మీద అప్పుడే నమ్మకం కుదిరింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది, 2012లో దాన్ని సవరించి, వైకల్యం తీవ్రంగా ఉండే పిల్లలు ఇంటి దగ్గరే చదువుకోవచ్చని కూడా రాసినారు, ఇవన్నీ ఆమె చెప్తేనే నాకు తెలిసినాయి. సర్టిఫికెట్ కోసం మాత్రం చానా తిరిగినాము, ఎందుకంటే 1995 వికలాంగుల చట్టంలో ఉన్న ఏడు రకాల్లో ఆటిజం లేనే లేదు, కాగితం మీద వీడికి వేరే పేరు రాసినారు, ఆ పేరు ఇక్కడ రాయడం నాకిష్టం లేదు. 2016లో కొత్త చట్టం వచ్చి ఏడు కాస్తా ఇరవై ఒకటి అయినాక అందులో ఆటిజం చేరింది.

2012 సంక్రాంతి అప్పుడు వాడిని నిజం బస్సులో నిజం గుత్తికి తీసుకుపోయినాము. మా ఆయన డ్యూటీలో ఉన్న బస్సే, పల్లెవెలుగు. నేను రెండు రోజుల ముందు నుంచి వాడికి అట్టలతో చెప్తానే ఉన్నాను, ఇది అయినాక ఇది, ఇది అయినాక ఇది అని. ఖాకీ సంచి తగిలించుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు, టోపీ పెట్టుకున్నాడు. గార్లదిన్నె వచ్చింది, బోర్డు మీద వేలు పెట్టి చూపించినాడు. బాగానే ఉంది. అప్పటికి వాడికి మాటలు ఉన్నాయి గానీ అన్నీ మన మాటలే తిరిగి మనకి ఇచ్చేవాడు, "నీళ్ళు కావాలా" అని నేనడిగితే వాడూ "నీళ్ళు కావాలా" అనేవాడు, కావాలంటే అదే, వద్దంటే అదే. తనంతట తాను చూసింది చెప్పడం అనేది లేదు.

పామిడి కాడ పెన్న బ్రిడ్జి ఎక్కింది బస్సు. వాడు కిటికీ కమ్మీకి మొహం ఆనించి కిందికి చూసినాడు. ఇసుక. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఇసుక, యాడో ఒకచోట గేదెలు, జమ్ము. వాడు సీట్లో నిలబడినాడు, నేను భయపడినాను ఇంక ఏడుస్తాడని, వాడి పామిడిలో ఎప్పుడూ బక్కెట్టు నిండా నీళ్ళుంటాయి కదా, ఇంత చెప్పినదాన్ని ఆ ఒక్కటి చెప్పడం మర్చిపోయినాను. వాడు ఏడవలేదు. నా గడ్డం పట్టుకుని నా మొహం తన వైపు తిప్పుకున్నాడు. "నీళ్ళు లేవు" అన్నాడు.

నేను అడగలేదు. నేను ముందు అన్న మాట కాదది. నాకేం అనాలో తెలీలేదు. మా ఆయన నాలుగు సీట్ల అవతల టికెట్ మిషన్ పట్టుకుని ఉన్నాడు, ఆయనకి వినపడింది, చెయ్యి అట్లే ఆగిపోయింది, ఎవరో "సార్ నాకు గుత్తి" అంటాన్నారు, ఆయన మా వైపే చూస్తాన్నాడు. మా వెనక సీట్లో ఒక అవ్వ ఉండె, ఒళ్ళో బుట్ట పెట్టుకుని, ఆమెకి ఇవేమీ తెలీవు కదా, మామూలుగా ఏ పిల్లోడితోనైనా మాట్లాడినట్టే, "యాటి నీళ్ళు నాయనా, పెన్నమ్మకి నీళ్ళొచ్చి ఎన్నేండ్లాయనో" అనింది. చిన్నోడు వెనక్కి తిరిగి ఆమెని చూసి మళ్ళా "నీళ్ళు లేవు" అన్నాడు. "లేవు నాయనా, వానలే లేవు" అనింది అవ్వ. "వానలు లేవు" అన్నాడు వీడు. గుత్తి వచ్చే దాకా ఇద్దరూ అదే మాట అటూ ఇటూ చెప్పుకుంటానే ఉన్నారు. దిగేటప్పుడు ఆమె కాళ్ళకి దండం పెట్టినాను, ఎందుకో ఆమెకి అర్థం కాలేదు, "బాగుండు తల్లీ" అనింది.

ఆ తర్వాత వాడు 2014లో మా వీధి సర్కారు బడిలో మూడో తరగతిలో చేరినాడు. కష్టాలు చానా ఉండె, మంచి టీచర్లూ దొరికినారు, అదంతా ఇంకో పెద్ద కథ. ఇప్పుడు నా పక్కనే కూర్చుని హుక్కులు, కాజాలు కుడతాడు, వాడి కాజాలు స్కేలు పెట్టి కొలిచినట్టుంటాయి, ధర్మవరం పట్టు జాకెట్లు ఇచ్చేవాళ్ళు కూడా "మీ అబ్బాయితోనే కుట్టించమ్మా" అని చెప్పిపోతారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు మాత్రం వారం రోజులు వాడికి నిద్ర లేదు, కదిరి, ధర్మవరం సత్యసాయి జిల్లాకి పోయినాయి కదా, అట్టల డబ్బా ముందేసుకుని కదిరి అట్ట తీస్తాడు, పెడతాడు, తీస్తాడు. చివరికి ఇంకో డబ్బా అడిగి తీసుకుని, దాని మీద పేరు రాసి, రెండూ పక్కపక్కనే పెట్టుకున్నాడు. గుత్తి, పామిడి, గార్లదిన్నె మన డబ్బాలోనే ఉన్నాయని నాకు తీసి చూపించినాడు.

నిన్న సాయంత్రం ఆ ఖాకీ సంచి తెచ్చి నా ఒళ్ళో పెట్టినాడు. వాళ్ళక్క కూతురు ఆడుకుంటా లాగితే పట్టీ ఊడింది. "కుట్టమ్మా, పాపకి బస్సు కావాలంట" అన్నాడు. ఖాకీ దారం అయిపోయింది నా దగ్గర, రేపు పాతూరుకి పోయి తేవాలి.